హార్వర్డ్ చెప్పిందంటారు, ఏం చెప్పిందో చెప్పరు

"హెచ్‌ఐవీకి జీవితాంతం మందులు మింగక్కర్లేదు. అవన్నీ విషం. మంచి విటమిన్లు వాడితే ఇమ్యూనిటీ పెరిగి వైరస్ దానంతటదే అణిగిపోతుంది. హార్వర్డ్ వాళ్లే రుజువు చేశారు. విటమిన్లతో నష్టం కూడా ఉండదు."

ఈ మాటలు కాస్త అటూ ఇటూ మారుతూ ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాయి. 2000 తర్వాత దక్షిణాఫ్రికాలో విటమిన్ల వ్యాపారి మథియాస్ రాత్ ఇదే ధోరణిలో పత్రికల్లో ప్రకటనలు గుప్పించాడు.

ముందు హార్వర్డ్ సంగతి. వాళ్ల పరిశోధకులు చేసిన ఆ అధ్యయనం టాంజానియాలోని దారెస్సలాంలో, హెచ్‌ఐవీ ఉన్న 1,078 మంది గర్భిణులతో జరిగింది. ఫలితాలు 2004లో వచ్చాయి. బి, సి, ఇ విటమిన్లు వేసుకున్న 271 మందిలో 67 మందికి జబ్బు చివరి దశకు చేరింది, లేదా ప్రాణం పోయింది. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్న 267 మందిలో 83 మందికి అలా జరిగింది. తేడా ఉంది, కాదనను. కానీ ఆ 67ని ఇంకోసారి చూడండి. విటమిన్లు వేసుకుంటూ కూడా దాదాపు నలుగురిలో ఒకరు! పైగా ఆ ఆడవాళ్లకు అప్పట్లో ఏఆర్టీ (హెచ్‌ఐవీని అణిచే మందుల చికిత్స) అందుబాటులో లేదు. మందు దొరకని రోజుల లెక్కను తెచ్చి, మందు ఉచితంగా దొరికే రోజులకు అంటగడుతున్నారు. తమ పరిశోధనను రాత్ వక్రీకరించాడని ఆ పరిశోధకులే ఖండించారు. అతను రోగులపై చేసిన విటమిన్ ప్రయోగాలు చట్టవిరుద్ధమని 2008లో కేప్‌టౌన్ హైకోర్టు తేల్చింది. ఈ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక ఇమ్యూనిటీ. హెచ్‌ఐవీ దూరేదే ఇమ్యూనిటీని నడిపించే సీడీ4 కణాల్లోకి. అక్కడే తన నకళ్లు తీసుకుంటుంది. విటమిన్లు కణాలకు పోషణ ఇస్తాయి, నకళ్లను ఆపలేవు. చేలో పడ్డ గొడ్డును తోలకుండా పైరుకు ఎరువు వేసినట్టు. ఏఆర్టీ ఆ నకళ్లను ఆపుతుంది. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పడిపోతే సీడీ4 కౌంట్ కోలుకోవడం మొదలవుతుంది.

మందులు విషమా? సైడ్ ఎఫెక్టులు ఉన్నాయి. వికారం, నిద్ర పట్టకపోవడం, కొందరికి బరువు పెరగడం. అవి డాక్టరుకు చెప్పుకోవాల్సినవి, మానేయడానికి సాకులు కావు. మానేస్తే చాలామందిలో వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది.

నష్టం ఉండదన్న మాట ఇంకా తప్పు. అదే టాంజానియా అధ్యయనంలో విటమిన్ ఎ తీసుకున్న తల్లుల నుంచి బిడ్డలకు వైరస్ సోకడం పెరిగింది. తర్వాత అదే నగరంలో ఏఆర్టీ మొదలుపెట్టిన 3,418 మందికి, సగం మందికి ఎక్కువ డోసు, సగం మందికి మామూలు డోసు విటమిన్లు ఇచ్చి చూశారు. ఎక్కువ డోసుతో అదనపు మేలు కనబడలేదు. పైగా ఆ డోసుతో, కాలేయం దెబ్బతింటోందని సూచించే ఎంజైమ్ పెరగడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితం 2012లో వచ్చింది. కాలేయం పాడవుతుందని ఏఆర్టీకి భయపడేవాళ్లు ఇది కూడా చదవాలి.

అంటే విటమిన్లు అసలొద్దనా? కాదు. టీబీ రాకుండా ఐసోనియాజిడ్ ఇచ్చేటప్పుడు నరాలు దెబ్బతినకుండా బి6 కూడా ఇస్తారు. రక్తహీనత ఉంటే ఐరన్ రాస్తారు. ఇక్కడే ఒక చిక్కు. మన ఏఆర్టీ సెంటర్లలో చాలామందికి ఇచ్చే టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. ఖాళీ కడుపున దాంతోపాటే ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాత అవి వేసుకోవాలి. అవి ముందే వేసుకుంటే టీఎల్‌డీకి 6 గంటలు ఆగాలి. కలిపి వేసుకోక తప్పకపోతే అన్నం తింటూ వేసుకోవాలి. మెడికల్ షాపులో సొంతంగా కొన్న బలం మాత్రల స్ట్రిప్ ఉంటే, ఈసారి సెంటరుకు వెళ్లేటప్పుడు దాన్నీ పట్టుకెళ్లి చూపించండి.