మహారాజశ్రీ నీటి ఆవిరి గారికి

చిలీ దేశం, అటకామా ఎడారి, చాహ్నంతోర్ పీఠభూమి మీదున్న ఆకాశం నుంచి వచ్చే మిల్లీమీటరు రేడియో తరంగాలను కలిసికట్టుగా పట్టే 66 ఆల్మా టెలిస్కోప్ యాంటెన్నాల తరఫున విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. తమరు కింద సముద్రం దగ్గరే క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాం.

తమరి బాధ పడలేకే 5,000 మీటర్ల ఎత్తుకొచ్చి పడ్డాం. ఊపిరికి ఆక్సిజన్ దాదాపు సగమే. కంట్రోల్ రూమ్ 2,900 మీటర్ల దగ్గర పెట్టుకుని సర్దుకున్నాం. అయినా వెంటపడి వచ్చారు.

రాత్రి తలెత్తితే పాలపుంత నెత్తిమీదే, మబ్బు తునక లేదు. చూసినవాళ్లు ఆహా అంటారు. తెరమీద చూస్తే పీడబ్ల్యూవీ 4 మిల్లీమీటర్లు! అంటే నెత్తిమీది ఆవిరంతా పిండి నేలమీద పోస్తే అంత మందం నీళ్లు. మేం పట్టే అతి పొట్టి తరంగాల వరస బ్యాండ్ 10కి అర మిల్లీమీటరు లోపుండాలి. ఇంకేముంది, తమరు మింగేసే ఆ 0.35 మి.మీ. తరంగాల పని కట్టిపెట్టి 3 మి.మీ. వాటితో కాలక్షేపం.

మింగేసినా ఊరుకుందుము, ఆలస్యం చేస్తారే, అదీ అసలు గొడవ. తమరు ఒక మిల్లీమీటరుంటే తరంగానికి సుమారు 6.5 మి.మీ. అదనపు నడక. పోనీ అందరికీ సమానంగానా? 16 కిలోమీటర్ల వరకు పరిచిన డిష్‌లలో ఒకదాని మీద 0.05 మి.మీ. ఎక్కువ తిష్ఠ వేస్తారు. తేడా 0.3 మి.మీ. పైచిలుకు, అంటే బ్యాండ్ 10లో దాదాపు ఒక పూర్తి తరంగం. ఫేజ్, అంటే డిష్‌ల మధ్య తరంగాల అడుగుల పొందిక, గల్లంతు, బొమ్మ అలుక్కుపోతుంది.

అందుకే 12 మీటర్ల డిష్‌లు 54కీ తలా ఒక రేడియోమీటర్ (రేడియో వెలుగు కొలిచే పరికరం) తగిలించాం. 183 గిగాహెర్ట్జ్ దగ్గర తమరు వెలిగే వర్ణపట గీతను చదివి, ఆలస్యం ఎంతో లెక్కగట్టి తీసేస్తాం. తమరి సంతకంతోనే తమరి మీద కేసు. అది తెలిసి కాబోలు, బిందువులై మబ్బు కడతారు. అప్పుడు వెలుగు పెరుగుతుంది గానీ ఆలస్యం ఆ లెక్కన పెరగదు, కేసు వీగిపోతుంది. ఇక మాటిమాటికీ క్వేజార్ (సుదూర గెలాక్సీ నడిబొడ్డున చుక్కలా వెలిగేది) వైపు తిరిగి ఫేజ్ సరిచూసుకోవడమే గతి.

ఎండెక్కితే నేల కాగి సుడులు తిరుగుతారని కష్టమైన పనులు రాత్రికి పెట్టుకున్నాం. ఫిబ్రవరిలో అమెజాన్ వైపు నుంచి ఆండీస్ ఎక్కి సపరివారంగా వేంచేస్తారని ఆ నెల పరిశీలనలే మానేసి రిపేర్లు చేసుకుంటున్నాం. ఇంతకన్నా మర్యాద ఏం చేయగలం? కనీసం జూలై మాకొదిలేయండి.

తా.క. మంచుగా వస్తే పెద్ద డిష్‌లు గాలికి వీపు పెట్టి నిలబడతాయి. వీపు తట్టి వెళ్లండి, ఒళ్లో కూర్చోకండి. ఆ పలకల నునుపు 25 మైక్రాన్ల లెక్కలో ఉంది.