సూర్యారావుపేట ఎం.ఆర్.ఐ. గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అయస్కాంతం గారి దివ్యసముఖానికి,

తమరు క్షేమమని తలుస్తాను. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో తీగచుట్టలు నానబెట్టుకుని కూర్చునేవారికి బెజవాడ రోహిణీకార్తె ఏం తెలుస్తుంది లెండి. భూమి అయస్కాంత బలానికి 30,000 రెట్లు పైబడిన 1.5 టెస్లా తమది. ఆ బలంతో ఇనుమునే కాదు, కాలు బెణికిన ప్రతివాణ్ణీ ఏలూరు రోడ్డు మీంచి లోపలికి లాగేస్తున్నారు.

కాలు మడతపడితే డాక్టరు ఒకప్పుడు చీలమండ పట్టుకునేవాడు. బయటివైపు ముందుండే లిగమెంటు (ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ), అదే ఏటీఎఫ్ఎల్, బెణుకులో ముందుగా దెబ్బతినేది. వాపు తగ్గేదాకా నాలుగైదు రోజులాగి, మడమను ముందుకు లాగి చూస్తే అది తెగిందో లేదో చాలావరకు చేతికే తెలిసిపోతుంది. ఎక్స్‌రే కూడా అందరికీ అక్కర్లేదని, ఎముకను ఫలానా చోట్ల నొక్కి, నాలుగడుగులు వేయించి తేల్చుకోవచ్చని కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లోనే చెప్పారు. ఇప్పుడు వేలితో నొక్కే తీరిక ఎవరికుంది? కాలు బెణికిన మా పిన్ని కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే తమ పేరిట చీటీ తయారైంది.

తమ దర్బారులో మర్యాదలు వేరు. పుస్తెలతాడు తీసి పసుపుకొమ్ము కట్టుకుంది. మెట్టెల దగ్గర వచ్చింది పేచీ.

"పెళ్లయిన కాడ్నుంచీ తియ్యలేదు బాబూ."

"తప్పదమ్మా, బొమ్మ చెడిపోద్ది."

వెండి తమకు అంటుకోదని నాకూ తెలుసు. కానీ ఆ వెండిలో ఏం కలిసిందో కంసాలికే తెలియాలి. సబ్బునీళ్లు పోసి తిప్పుతుంటే రెండోవేలు ఎర్రగా కమిలిపోయింది. అది మాత్రం రిపోర్టులో రాలేదు. కాళ్లు లోపలికి, తల బయటికి పెట్టి పడుకోబెట్టారు. అరగంట మోత. బయటికొచ్చి, "పిండిమరలో కాలు పెట్టినట్టుందిరా" అంది.

రిపోర్టు దండకంలా ఉంది. ఏటీఎఫ్ఎల్‌లో పార్షియల్ టేర్, అంటే కొంత చిరుగు, ఎముకలో ఎడిమా, అంటే వాపు, కీలులో కాస్త నీరు. నొప్పి లేని కాళ్లను పంపినా తమరు ఏదో ఒకటి వెతికి రాస్తారట, అంత నిజాయితీ! బాబాయికి "టేర్" ఒక్కటే కనబడింది. సాయంత్రానికల్లా గుంటూరు బంధువులంతా ఆపరేషన్ ఎక్కడ చేయిస్తే మంచిదో తేల్చేశారు. డాక్టరు ఫిల్మును లైటుకెత్తి చూసి క్రేపు బ్యాండేజీ, ఐసు, ఆపైన ఫిజియో అన్నాడు. మొత్తం తెగినా చాలామందికి ముందు వైద్యం బ్రేసూ వ్యాయామమే. కొండను తవ్వారు సరే, ఎలుకను పిన్ని ముందే చూపించింది కదండీ.

అలాగని తమ మీద నాకు పగేమీ లేదు. నా ఫిర్యాదు వేరే ఉంది. మా వీధిలో పాలుపోసే కుర్రాడు బెంజి సర్కిల్ దగ్గర బండి మీంచి పడ్డాడు. నొప్పి చీలమండలో కాదు, పాదం నడిమధ్యలో. అరికాలు నల్లగా కమిలింది. పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి, "బెణుకే, నడువు" అన్నారు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి సర్జన్ లిస్‌ఫ్రాంక్ పేరు మోస్తున్న కీలు అక్కడే ఉంది. దాని లిగమెంటు తెగితే పడుకున్న ఎక్స్‌రేలో ఎముకలు బుద్ధిగా దగ్గరగానే కనబడొచ్చు. బరువుమోపి నిలబెట్టి తీస్తే ఎడం బయటపడుతుంది. అప్పటికీ తేలకపోతే లోపలి లిగమెంటునే నేరుగా చూపించగల ఘనులు తమరు. పిన్నికి అడక్కుండానే దర్శనమిచ్చిన తమరి దగ్గరికి ఆ కుర్రాడికి చీటీ రాసే నాథుడే లేకపోయాడు. వారాల తరబడి అదే కాలితో క్యాన్లు మోశాడు. ఎముకలు ఎడం జరిగాక గానీ ఎవరూ నమ్మలేదు.

కనుక తమ తలుపు దగ్గర కూర్చునే రిసెప్షను అమ్మాయితో ఒక్కమాట చెప్పండి. అరికాలు నల్లబడి, మునివేళ్ల మీద నిలబడలేక కుంటుతూ ఎవడైనా వస్తే, "డబ్బు కట్టారా" అనేముందు "డాక్టరు కాలు పట్టుకుని చూశాడా" అని అడగమనండి.

ఇట్లు,
తమ వరండాలో ఫిల్ము కవరుతో విసురుకుంటున్న
ఒక పేషెంటు తాలూకు మనిషి