చెంచాడు సంగటి, క్యానెడు స్వర్ణముఖి

తిరుపతిలో పుట్టి, తిరుపతిలోనే తల నెరిసిన నాకు శ్రీకాళహస్తి అనే ఊరు ఒకటుందని మొన్న మే నెలలో తెలిసింది. అంతవరకూ మా ఇంట్లో అందరమూ దాన్ని కాళాస్త్రి అనుకుంటూ వచ్చాము. బస్టాండుకు వెళ్లి, వంద నోటిచ్చి, చిల్లర లెక్కపెట్టుకునేలోపు దిగవలసిన ఊరు అది. అదంతా మా అజ్ఞానమట. ఇప్పుడది ‘నదీతీర కళాపట్టణం’. అక్కడికి బస్సులో వెళ్లకూడదు, గైడు తోడుగా ‘అనుభూతి యాత్ర’ మీద వెళ్లాలి. ఒక నది, ఒక కళ, ఆరు రుచులు, మనిషికి 2,400 రూపాయలు. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా బావమరిది సెలవులకు వచ్చి, మాతో ఒక్క మాటైనా చెప్పకుండా నాలుగు సీట్లకు డబ్బు కట్టేశాడు. “బావా, మీకు కాళహస్తిని పరిచయం చేస్తాను” అన్నాడు. మా ఆవిడ పుట్టువెంట్రుకలు తీయించిన ఊరు అది.

వ్యానులో పద్నాలుగు మందిమి. విచారిస్తే అందరమూ తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట వాళ్లమే. గైడు కుర్రవాడు మర్యాదస్తుడు, అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చెవి పక్కన మైకు తగిలించుకుని, శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు అని అతను వివరిస్తుంటే, ఉయ్యాలలో ఉండగానే ఆ కథ విన్న పద్నాలుగు మందిమీ ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు తలలు ఊపాము. డబ్బు కట్టిన తర్వాత ఆశ్చర్యపోకపోతే నష్టపోయేది మనమే కదా.

దర్శనం ఈ యాత్రలో భాగం కాదు. గోపురాన్ని వీధిలో నిలబడి చూడటం మాత్రం భాగం. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయిందనీ, మేము చూస్తున్నది దాని స్థానంలో లేచిన కొత్తదనీ గైడు చెప్పి, ఏడు నిమిషాల్లో మమ్మల్ని మళ్లీ వ్యాను ఎక్కించాడు. అది గోపురం టేస్టింగ్ అట. ఈ టేస్టింగ్ అనే మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు నేను దాన్ని ఎన్నిసార్లు విన్నానంటే, రాహుకేతు దోషానికి పూజ ఉన్న ఊళ్లో టేస్టింగ్ దోషానికి కూడా ఏదైనా పరిహారం ఉందేమో కనుక్కుందామనిపించింది.

పదిన్నరకు అసలైన టేస్టింగ్ మొదలైంది. ఒక పాత మిద్దె వసారాలో చాపలు పరిచి, మా ఎదుట ఒక్కొక్కరికి ఆరు మట్టి ప్రమిదలు పెట్టారు. మొదటి ప్రమిదలో ఉసిరికాయంత రాగి సంగటి ఉంది. మా ఆవిడ వత్తి ఎక్కడుందా అని వెతికింది. రెండో దానిలో వేలితో తుడిచినట్టు చెనిక్కాయల ఊరిబిండి, మూడో దానిలో నాలుగు బొట్ల పులుసు, తర్వాత వరుసగా చెంచాడు పులిహోర, పావు నిప్పట్టు, పావు ఓళిగ. షడ్రుచులను ఇంత పొదుపుగా వడ్డించిన వంశం చిత్తూరు సీమ చరిత్రలో లేదని నేను హామీ ఇవ్వగలను. సంగటిని చెక్క చెంచాతో నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ముప్పైసార్లు నమలమని గైడు ఆదేశించాడు. అలా నమిలితే ముందుగా నేల వాసన, ఆ వెనుక పొయ్యి వాసన, చిట్టచివర సన్నని తీపి తెలుస్తాయట.

సంగటి నమిలే పదార్థం కాదని ఈ జిల్లాలో ఒకరికి చెప్పవలసి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ముద్దకు బొటనవేలితో గుంట పెట్టి, గుంటలో పులుసు పోసి, తుంచిన తునకను దానిలో అద్ది, నాలుకకు సంగతి తెలిసేలోపే గొంతు దాటించాలి. దాన్ని ముప్పైసార్లు నమిలిన మనిషికి పళ్లన్నా కొత్తవై ఉండాలి, ఊరన్నా కొత్తదై ఉండాలి. అయినా నమిలాము. పద్నాలుగు మందిమి కళ్లు మూసుకుని, ఒక ఉసిరికాయంత సంగటి కోసం, ఎవరో పోయినప్పుడు మౌనం పాటించినట్టు కూర్చున్నాము.

ఆ సంగటి వండిన అవ్వ వాకిట్లో నిలబడి మమ్మల్ని జాలిగా చూస్తోంది. తాతముత్తాతల నాటి సంగటి కథ ఏదైనా అతిథులకు చెప్పమని గైడు ఆమె ముందు మైకు పెట్టాడు. “కతేముంది నాయనా, బియ్యం కొనలేక తిన్నాం” అని అవ్వ కథ ముగించింది. ఆ తర్వాత, “ఇదేం చాలుతుంది బిడ్డా, పాలు మరిచిన పిల్లోళ్లకు గూడా ఇంతకంటే ఎక్కువే పెడతాం గదా, ఉండు ఇంకో రెండు ముద్దలు తెస్తా” అని లోపలికి వెళ్లబోతే గైడు కంగారుగా అడ్డుపడ్డాడు. రెండోసారి వడ్డిస్తే అది భోజనం అవుతుందట, టేస్టింగ్ కాదట.

నిజానికి ఈ ఊళ్లో టేస్టింగ్ అనే సంప్రదాయాన్ని నెలకొల్పినవాడు తిన్నడు. వేటాడి తెచ్చిన మాంసాన్ని కాల్చి, తునక తునకనూ తానే కొరికి చూసి, రుచైనదాన్ని మాత్రమే శివుడికి పెట్టాడు. రుచి చూడటం పెట్టడానికి కదా అనుకునే కాలం మనిషి అతడు. ప్యాకేజీ కట్టవచ్చునని పాపం అడవిలో పెరిగిన వాడికి తోచలేదు.

అక్కడి నుంచి కళ వంతు, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే కలంకారీ వంతు వచ్చింది. దానికి కేటాయించిన సమయం పదిహేను నిమిషాలు. ఇరుకు సందులో ఒక ఇల్లు, ఇంటి నడిమి గదిలో నేల మీద పరిచిన గుడ్డ, దాని మీద వంగిన అరవై ఏళ్ల కళాకారుడు, గోళ్ల దాకా కసిమి నలుపు ఎక్కిన వేళ్లు. ఆయన తొందరపడటం తెలియని మనిషి. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో, అదే గేదె పాలలో, తడిపి ఎండబెడతామనీ, చింతబొగ్గుతో బొమ్మ గీసుకుంటామనీ, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో వారాల తరబడి పులియబెడితే కసిమి అవుతుందనీ, ఆ కసిమి కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే నల్లబడుతుందనీ, పాల జిడ్డు ఉండటం వల్లనే గీత పక్కకు పాకకుండా నిలుస్తుందనీ ఆయన ఒక్కొక్కటే చెబుతూ పటిక దగ్గరకు వచ్చేసరికి గైడు గడియారం చూశాడు. చేతిరుమాలంత గుడ్డలు మాకు పంచారు. ముందే అచ్చు వేసిన నెమలి బొమ్మ, దాని గీతల మీదుగా కలం నడిపేందుకు ఐదు నిమిషాలు. ఈనె పుల్లతో కాఫీ కలిపిన అనుభవమే గాని గీసిన అనుభవం లేని నా చేతిలో ఆ నెమలి వానకు తడిసిన కోడిపెట్ట అయింది. అయినప్పటికీ నన్ను ‘కలంకారీ కళాకారుడు’గా ధ్రువీకరిస్తూ, ప్లాస్టిక్ తొడిగిన పత్రం ఒకటి నా చేతికి వచ్చింది.

ఈ కళ కొడిగడుతున్న రోజుల్లో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పట్టుబట్టబట్టి 1957లో ఈ ఊళ్లో శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడి కుర్రవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకున్నారు. ఈ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆయన ఆయుష్షులో అధిక భాగం కలం పట్టుకునే గడిచిపోయింది. నాకు ఐదు నిమిషాలు పట్టింది.

ఇక నది. పటిక అద్దిన గుడ్డను పారే నీళ్లలో ఉతకాలని కళాకారుడు చెప్పిన మాట మధ్యలో ఆగిపోయింది కనుక, ఆ ఘట్టాన్ని స్వర్ణముఖి ఒడ్డున ప్రత్యక్షంగా చూపిస్తామని ఆయనను కూడా వ్యాను ఎక్కించారు. ఒడ్డుకు చేరాము. ఇటునుంచి అటు ఇసుక గోతులు, వాటి మధ్య సర్కారు తుమ్మ, ఒక వారగా ఊరి నుంచి దిగివచ్చిన నల్లని మురుగు. మే నెలలో స్వర్ణముఖి ఎలా ఉంటుందో తెలిసిన మేము ఏమీ అనలేదు. తెలియనట్టుగా గైడు కూడా ఏమీ అనలేదు. అతను నింపాదిగా వ్యాను మీది నుంచి ఒక నీలిరంగు ప్లాస్టిక్ టబ్బును, ఇరవై లీటర్ల నీళ్ల క్యానులు రెండింటిని దించాడు.

పురాణం ప్రకారం ఈ ఊరి స్వామికి ఏనుగు తొండంతో స్వర్ణముఖి నీళ్లు తెచ్చింది, తిన్నడు పుక్కిట పట్టి తెచ్చాడు. మా గైడు క్యానులో తెచ్చాడు. భక్తి మూడింటిలోనూ సమానమే. టబ్బును ఇసుకలో పాతి, కళాకారుడు గుడ్డ పట్టుకుంటే, డ్రైవరు క్యానును భుజాన పెట్టుకుని సన్నని ధారగా వంచాడు. ఆ ధార ప్రవాహమట. టబ్బు నిండాక అందులోని నీళ్లనే చెంబుతో తోడి మళ్లీ పైనుంచి పోశారు. అది నదికి రెండో విడత. పద్నాలుగు ఫోన్లు పైకి లేచాయి. “బావా, కొంచెం జరగండి, టబ్బు అంచు కనబడుతోంది” అని మా బావమరిది నన్ను పక్కకు నెట్టాడు. బాగా కిందికి వంగి తీస్తే టబ్బు కనబడదనీ, నీలిరంగు మాత్రం నదిలాగా వస్తుందనీ గైడు మెలకువ చెప్పాడు. ఒకావిడ వీడియో సరిగా రాలేదని ఇంకోసారి పారించమంది. డ్రైవరు ఒప్పుకున్నాడు గాని, రెండో క్యానులో సగం రేడియేటరుకు ఉంచాలని షరతు పెట్టాడు. ఈ లోపల, మాలో ఎవరూ పిలవకుండానే, తుమ్మ చెట్ల వెనుక నుంచి ఒక ఎనుము వచ్చింది. ఎండకు నాలుక పిడచకట్టి ఉన్నదేమో, మా వైపైనా చూడకుండా, టబ్బులో మూతి పెట్టి స్వర్ణముఖి నదిని సాంతం తాగేసింది.

ఈ నదిని అగస్త్యుడు తపస్సు చేసి తెచ్చాడంటారు. సముద్రాన్నే తాగిన మహర్షి తెచ్చిన నదిని ఒక ఎనుము రెండు గుక్కల్లో పూర్తి చేయడం చూశాక, గైడు మైకు తీసి పది నిమిషాల విరామం ప్రకటించాడు.

కళాకారుడు తడి గుడ్డను చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుసు. నిలవ నీళ్లలో ఉతికితే, వదిలిన పటిక పక్క బొమ్మకు అంటుకుంటుంది. పటిక ఉన్నచోటే రంగు పట్టేది కనుక, రంగులో ఉడకబెట్టినప్పుడు రావణుడి ఎరుపు రాముడి మొహం మీదికి పాకుతుంది. పారే నీళ్లు ఉన్నాయి కనుకనే ఈ కలం ఈ ఒడ్డున నిలిచింది. ఆ నీళ్లు ఇప్పుడు లేవు. ఎక్కడికి పోయాయని అడగడానికి మనకు నోరెక్కడిది? పగలు మురుగు వదిలింది మనమే, రాత్రి ట్రాక్టర్ల చప్పుడు వినబడితే దుప్పటి ముసుగు పెట్టుకున్నదీ మనమే. ఇసుక అడుగంటా తోడేస్తే వచ్చిన నీళ్లు నిలవవని తెలియని వాడెవడూ ఈ జిల్లాలో లేడు. ఆ ఇసుకతోనే ఇల్లు కట్టుకుని, ఆ గోడకే కలంకారీ పటం తగిలించి, మన సంస్కృతి అని చుట్టాలకు చూపిస్తున్నాము. 2021 నవంబరులో ఈ నదే ఊళ్ల మీదికి వచ్చి తన దారి ఎక్కడిదో చూపించి పోయింది. నీళ్లు తీయగానే మళ్లీ ట్రాక్టర్లు దించారు. సిగ్గులేని జాతికి నదిని టబ్బులో చూపించడమే సరైన మర్యాద.

కాళహస్తి నుంచి మరెక్కడా ఆగకుండా నేరుగా ఇంటికే పోవాలని మన పెద్దల నియమం. షాపు గుడి కాదు కనుక దోషం లేదని గైడు సందేహ నివృత్తి చేసి, మమ్మల్ని ఒక షాపులో దించాడు. అక్కడ కలంకారీ చీర 350 రూపాయలు. మిషను మీద స్క్రీన్ ప్రింటు పడిన పాలియెస్టరు, పాల వాసన లేదు, పటిక తెలియదు, అయినా కలంకారీయే. (కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో వేసే కలంకారీ సంగతి నేను మాట్లాడటం లేదు. అది వేరే విద్య, దానికీ చేతులు కావాలి.) నది ఒడ్డున మూడోసారి వీడియో తీయించుకున్న ఆవిడ, వ్యానులో మాతోపాటు వచ్చిన కళాకారుడి చేతిలోని పటం ధర అడిగింది. నెలన్నర పని, తొమ్మిది వేలు అన్నాడు. “షాపులో ఇంత చీరే 350కి వస్తోంది, రెండు వేలకు ఇవ్వండి, మీకూ పేరొస్తుంది” అన్నది. ఉసిరికాయంత సంగటికి 2,400 ఇచ్చేటప్పుడు ఆ తల్లి ఒక్క రూపాయి బేరమాడలేదు. ఆయన ఏమీ అనకుండా పటాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, సెంటరు దాకా దింపుతారా అని డ్రైవరును అడిగాడు. టైము లేదన్నారు. ఎండలో నడిచి వెళ్లాడు.

రాత్రి తొమ్మిదింటికి ఆకలితో ఇల్లు చేరాము. మా ఆవిడ మాట్లాడకుండా పొయ్యి మీద ఎసరు పెట్టి, రాగిపిండి పోసి, తెడ్డు తీసుకుని కెలకడం మొదలుపెట్టింది. మూడో ముద్ద పులుసులో అద్ది, నమలకుండా మింగుతూ, మా బావమరిది ఎడమ చేత్తో ఫోను చూస్తున్నాడు. యాత్రకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్పమని సందేశం వచ్చిందట. దాని కిందనే కొత్త ప్యాకేజీ కూడా ఉందట. వర్షాకాలం ప్రత్యేకం, నది సహితం, మనిషికి 600 అదనం, నీటి లభ్యతను బట్టి.

“బావా, నాలుగు సీట్లు చెప్పేశాను” అన్నాడు.