పాలు పోసి పిసికితే షార్ట్‌బ్రెడ్ రాదు

మళ్ళీ అదే మెసేజ్ ఫార్వర్డ్ చేశారు: "అసలైన స్కాటిష్ షార్ట్‌బ్రెడ్, 15 నిమిషాల్లో." షార్ట్‌బ్రెడ్ అంటే బటర్ ఎక్కువ వేసి చేసే గుల్ల బిస్కెట్. డాల్డా వేయాలట, చెంచాడు బేకింగ్ పౌడర్ కలపాలట, పాలు పోసి పది నిమిషాలు పిసకాలట, 200 డిగ్రీల్లో ఎర్రగా కాల్చాలట. పాపం, నమ్మి చేసినవాళ్ళకి గట్టి బిళ్ళలు మిగులుతున్నాయి.

దీన్ని ఒకప్పటి స్కాట్లాండ్ రాణి మేరీ కనిపెట్టిందన్న కథకు గట్టి ఆధారం లేదు. వదిలేయండి.

బేకింగ్ పౌడర్ అక్కర్లేదు. లండన్ నుంచి ఎవరైనా వాకర్స్ (స్కాట్లాండ్ షార్ట్‌బ్రెడ్ కంపెనీ) డబ్బా తెస్తే వెనక చదవండి: గోధుమ పిండి, బటర్, చక్కెర, ఉప్పు. అంతే. దీనికి రుచి బటర్‌దే, డాల్డా వేస్తే ఇక మిగిలేది తీపి మైదా. ఉప్పు బటర్ వాడితే వేరే ఉప్పు వేయకండి.

అన్నిటికన్నా చెడగొట్టేది ఆ పాలు, ఆ పిసకడం. జంతికల పిండిలో వెన్న ఎందుకు వేస్తాం? గుల్లగా రావడానికి. ఇక్కడా అదే పని. బటర్ మైదాకి పట్టి తడి తగలకుండా ఆపుతుంది, అందుకే గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్) సాగదు. పాలు పోసి పిసికితే అదే గ్లూటెన్ బిగుసుకుంటుంది. అంతగా పిసకాలనుంటే పూరీలు చేసుకోండి!

20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నుకి చక్కెర 75 గ్రాములు, బటర్ 150, మైదా 225. మన చక్కెర పలుకు పెద్దది, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. చల్లటి బటర్ ముక్కల్ని మైదా, చక్కెరలతో వేళ్ళ కొసలతో రవ్వలా నలపండి. పొడిపొడిగా ఉంది, ముద్ద కట్టడం లేదు, కాసిని పాలు పోద్దామా అనిపించేది ఇక్కడే. పోయకండి. అరచేత్తో నొక్కితే ఆ వేడికే బటర్ మెత్తబడి అతుక్కుంటుంది. టిన్నులో సమంగా అదిమి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండాకాలంలో ఈ అరగంట మానేస్తే బటర్ కారిపోతుంది.

ఓవెన్‌లో పెట్టే ముందు ఫోర్క్‌తో గుచ్చే గాట్లు అందం కోసమే కాదు. బటర్‌లోని నీరు ఆవిరై పోవడానికి దారి. అడుగుదాకా గుచ్చకపోతే మధ్యలో ఉబ్బుతుంది.

200 డిగ్రీల్లో అంచులు మాడి మధ్య పచ్చిగా ఉంటుంది. 160లో 40 నుంచి 45 నిమిషాలు, లేత బంగారు రంగు వచ్చేదాకా చాలు.

ఒక్క మాట మాత్రం ఆ మెసేజ్‌లో నిజం. "కొంచెం బియ్యప్పిండి కలపండి" అన్నారు. అది మన కల్తీ అని కొందరు కొట్టిపారేస్తున్నారు గానీ, స్కాట్లాండ్‌లోనూ కలిపేవాళ్ళున్నారు. మైదాలో 50 గ్రాములు తగ్గించి అంతే బియ్యప్పిండి వేస్తే కరకర బాగుంటుంది. బొంబాయి రవ్వ అయినా సరే.

బయటికి తీసినప్పుడు మెత్తగానే ఉంటుంది. కాలలేదని మళ్ళీ ఓవెన్‌లో పెట్టకండి, చల్లారితే గట్టిపడుతుంది. వేడిగా ఉండగానే ఎనిమిది ముక్కలుగా కోసి, టిన్నులోనే పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారాక కోస్తే పొడుం అవుతుంది.