పటం మీద గీత పడకముందే చిత్తడి నేలను చూడాలి

రోడ్ల వంటి వసతుల కోసం స్థానిక భూ వినియోగ ప్రణాళికను సవరించేటప్పుడు చిత్తడి నేలకు తొలి దెబ్బ తగిలేది, ఏ నేల దేనికో చూపే పటంలో వేసే రంగు దగ్గరే. ఎండాకాలంలో సర్వేకు వెళ్లినవారికి అక్కడ నీరు కనిపించదు. ఎండిన గడ్డి, పగుళ్లిచ్చిన మట్టి, అక్కడక్కడా పొదలు ఉంటాయి. ‘ఖాళీ భూమి’ అని రాసుకుని వచ్చేస్తారు. అదే చోట జానెడు లోతు తవ్వితే బూడిద రంగు మట్టి, అందులో వేళ్ల వెంబడి తుప్పు రంగు చారలు బయటపడతాయి. ఏటా వారాల తరబడి నీటిలో నానే నేలలో ఏర్పడే గుర్తులవి. ఏ కాలంలో సర్వే చేశారో, మట్టిని పరీక్షించారో లేదో చెప్పని సవరణ ముసాయిదాను నేను నమ్మలేను.

రోడ్లు వద్దని నేను అనడం లేదు. ఆసుపత్రికి చేరే దారి, కరెంటు లైను, మురుగునీటి శుద్ధి కేంద్రం అన్నీ మనిషికి కావలసినవే. నా పేచీ అంతా వరుస గురించి. రోడ్డు ఎటు పోవాలో ముందే ఖాయం చేసి, తర్వాత ప్రణాళికను దానికి తగ్గట్టు సవరించడం పరిపాటి అయిపోయింది. పర్యావరణ అనుమతి దాకా వచ్చేసరికి భూసేకరణ మొదలై ఉంటుంది, డబ్బు ఖర్చయి ఉంటుంది. వేరే దారి ఉందా అని అప్పుడు అడిగినవాళ్లు అభివృద్ధికి అడ్డుపడేవాళ్లుగా కనిపిస్తారు. ఆ ప్రశ్నకు సరైన చోటు సవరణ ముసాయిదా. గీత ఇంకా పెన్సిలుతో ఉన్నప్పుడే అడగాలి.

పోలండ్‌లోని అగుస్తూవ్ పట్టణం కథ ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. లిథువేనియా వైపు వెళ్లే భారీ లారీలు ఊరి నడిబొడ్డు నుంచే పోయేవి. బైపాస్ కావాలన్న ఊరివాళ్ల కోరిక పూర్తిగా న్యాయమైనది. కానీ ఎంచుకున్న దారి రోస్పుడా లోయలోని అరుదైన పీట్ నేలల మీదుగా, అంటే పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాలు పొరలుగా పేరుకున్న తడి నేలల మీదుగా పోయింది. నిరసనలు చెలరేగాయి. 2007లో యూరోపియన్ కమిషన్ న్యాయస్థానానికి వెళ్లింది. చివరకు 2009లో ప్రభుత్వం లోయను తప్పించి రాచ్కి వైపు దారిని ఎంచుకుంది. 2014లో బైపాస్ తెరుచుకుంది. లోయా దక్కింది, ఊరికి లారీల బెడదా తగ్గింది. మరో దారి ఉండనే ఉంది. దాన్ని తొలి పటంలోనే నిజాయితీగా పరిశీలించి ఉంటే ఊరివాళ్లకు అన్నేళ్ల ఎదురుచూపు తప్పేది.

దారి తప్పించడం ఎక్కడా సాధ్యం కాకపోతే? అప్పుడు షరతులు ముఖ్యం. అవి ‘తగిన జాగ్రత్తలతో’ అనే ఒక్క మాటతో తేలిపోకూడదు. చిత్తడి నేలలో నీరు చాలాచోట్ల పలచగా పరుచుకుని మెల్లగా కదులుతుంది. దానికి అడ్డంగా మట్టికట్ట వేసి రోడ్డు వేస్తే ఒకవైపు నీరు నిలిచి చెట్ల వేళ్లకు ఊపిరాడదు, రెండోవైపు నేల ఎండుతుంది. కల్వర్టు అడుగు నేల మట్టం కంటే కాస్త ఎత్తులో పెట్టినా అంతే సంగతులు. అది పీట్ నేల అయితే నష్టం ఇంకా పెద్దది. భూభాగంలో సుమారు 3 శాతమే ఉన్న ఈ నేలలు మట్టిలోని కార్బన్‌లో దాదాపు 30 శాతాన్ని దాచుకున్నాయి. ఎండితే అది గాలిలో కలుస్తుంది, నేల కుంగుతుంది, వేసిన రోడ్డూ కుంగుతుంది. అందుకే స్తంభాల మీద వంతెన ఎక్కడ, కల్వర్టు ఏ మట్టంలో అన్నది ప్రణాళికలోనే రాసి ఉండాలి.

ఇక్కడ పోతే మరోచోట కొత్త చిత్తడి నేలను తయారుచేస్తామనే హామీని నేను చివరి మార్గంగానే ఒప్పుకుంటాను. చిత్తడి నేలల నికర నష్టం ఉండకూడదన్న లక్ష్యాన్ని అమెరికా 1989లో పెట్టుకుంది. 2001లో ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి సమీక్షిస్తే, పరిహార పనులతో ఆ లక్ష్యం నెరవేరడం లేదని తేలింది. గొయ్యి తవ్వి నీళ్లు నింపితే చెరువు అవుతుందేమో. ఆ మట్టి, ఆ మొక్కలు, ఆ నీటి రాకపోకలు ఏళ్ల తరబడి కుదురుకుంటే తప్ప చిత్తడి నేల కాదు. పరిహారం తప్పదనుకుంటే అదే పరీవాహక ప్రాంతంలో, పాతది పోకముందే కొత్తది నిలదొక్కుకోవాలి.

ఒక్కో సవరణ చూస్తే నాలుగెకరాలే కదా అనిపిస్తుంది. 1970 నుంచి 2015 మధ్య ప్రపంచంలోని సహజ చిత్తడి నేలల్లో 35 శాతం పోయాయని చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సార్ ఒప్పందపు సంస్థ 2018లో చెప్పింది. అందులో ఎక్కువ భాగం ఇలా కొంచెం కొంచెంగా కరిగిపోయిందే అయి ఉంటుందని నా అంచనా. ప్రతి సవరణకూ ఇంతకుముందు పోయిన మొత్తం లెక్కను జతచేయాలి.

అసలు ఈ నేలలను మౌలిక వసతుల పట్టికలోనే చేర్చవచ్చు. బోస్టన్ దగ్గర చార్లెస్ నదికి వరదలు వస్తుంటే, అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం లెక్కలు వేసి, ఎగువన కొత్త ఆనకట్ట కట్టడానికి బదులు అక్కడి చిత్తడి నేలలను కాపాడమని సూచించింది. 1974లో ఆమోదం వచ్చాక సుమారు 8 వేల ఎకరాలను కొనుగోళ్లు, ఒప్పందాల ద్వారా రక్షణలోకి తెచ్చారు. వరద నీటిని పట్టి మెల్లగా వదిలే పనికోసం ఆ ఇంజినీర్లే వాటిని ఇప్పటికీ చూసుకుంటున్నారు.