రిబ్బనుకు సరిపడా గ్రంథాలయం

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఇప్పుడు లెర్నింగ్ కామన్స్, అంటే ఉమ్మడి చదువుల హాళ్ల, కాలం నడుస్తోంది. విద్యార్థులు నలుగురూ చేరి చర్చించుకుంటూ చదవాలట, పరిశోధకులు డిజిటల్ పనిముట్లు పట్టాలట. ఆశయం గొప్పదే. కాకపోతే కొందరు అమాయక లైబ్రేరియన్లు ఇదంతా విద్యార్థుల కోసమేనని నమ్మి చిక్కుల్లో పడుతున్నారు. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చి చూసేది రెండు మూడు రోజులు, విద్యార్థి ఉండేది ఏళ్ల తరబడి. ఇద్దరిలో ఎవరు నొచ్చుకుంటే ప్రమాదమో విడమరచి చెప్పక్కర్లేదు. అందుకని వైస్ చాన్సలర్లు, ఇంజినీరింగ్ విభాగం వారు, కొనుగోలు కమిటీల పెద్దల ఉపయోగార్థం ఈ నాలుగు ముక్కలు.

ముందు స్థలం. చర్చలకు కేటాయించే భాగాన్ని నిశ్శబ్దంగా చదువుకునే హాలు నడిబొడ్డునే పెట్టాలి. మాటలు సాగే చోటు కింది అంతస్తులో, గుమ్మానికీ జిరాక్సుకీ దగ్గరగా ఉండాలనీ, నిశ్శబ్దాన్ని పై అంతస్తుకు పంపాలనీ, రెంటికీ నడుమ పుస్తకాల ర్యాకులుంటే చప్పుడు కొంత ఆగుతుందనీ తెలిసినవాళ్లు చెబుతారు. వినకండి. ర్యాకులు అడ్డొస్తే ఫొటో సరిగా రాదు. అయిదారుగురు కూర్చునే గదికి పది పన్నెండు చదరపు మీటర్లు చాలు, విద్యార్థులకు కావలసినవీ అలాంటి చిన్న గదులే. కనుక ఆరు చిన్న గదుల డబ్బుతో ముప్పై మంది పట్టే ఒకే గాజు గది కట్టి, ఇన్నోవేషన్ హబ్ అని బోర్డు పెట్టి, తాళం వెయ్యాలి.

ఆ గాజు గోడను ఫాల్స్ సీలింగు దగ్గర ఆపెయ్యడం తప్పనిసరి. స్లాబు దాకా పోనిచ్చి, తలుపు కింద సందు మూస్తే లోపలి మాట లోపలే ఉంటుంది. అప్పుడు సహకార విద్య జరుగుతోందని పక్క హాలు వారికి తెలిసేదెలా? నేలకు గ్రానైటు, గోడకు గాజు, పైన నున్నటి జిప్సం వేయించండి. మూడూ మాటను పీల్చుకోవు, తిప్పి కొడతాయి. ఆ ప్రతిధ్వనిలో తమ మాట వినబడాలని ఒక బల్ల వాళ్లు గొంతు పెంచుతారు, వాళ్లను చూసి రెండో బల్ల వాళ్లు. ఇదే అసలైన మేధో చైతన్యం. కార్పెట్టు, మినరల్ ఫైబర్ పలకలు, గోడకు గుడ్డ ప్యానెళ్లు పెట్టిస్తే ఆ చైతన్యం కాస్తా చల్లబడుతుంది.

కరెంటు దగ్గర కొంత లెక్క అవసరం. అరవై సీట్ల హాలులో తలా ఒక లాప్‌టాప్, ఒక ఫోను వేసుకుంటే 120 పరికరాలు. ముప్పై దాటి చురుగ్గా వాడితే మామూలు వైఫై యాక్సెస్ పాయింటు నీరసిస్తుంది కాబట్టి నాలుగైనా కావాలంటారు. ఒకటి చాలు, లైటు వెలుగుతూ కనిపిస్తే సరి. ప్లగ్ పాయింట్లు గోడలకే పెట్టించి బల్లలు హాలు మధ్యలో వెయ్యాలి. గోడ నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి మరొకటి, అలా దండకట్టుకుంటూ పోతే బల్ల చేరవచ్చు. 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర మోసేది 1,380 వాట్లు. 65 వాట్ల చార్జర్లు ముప్పై తగిలిస్తే 1,950. మధ్యాహ్నం మూడింటికి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోయి హాలంతా లేచి నిలబడడమే అందరూ కలిసి చేసే మొదటి పని. నేలలోంచి తీగ తేవాలంటే గ్రానైటు పరవకముందే గొట్టాలు వెయ్యాలి, పరిచాక గుర్తుకు రావడం మన ఆనవాయితీ. ఒకవేళ ముందే గుర్తొచ్చి ఫ్లోర్ బాక్సులు పెట్టినా, రోజూ పొద్దున బకెట్టుతో నీళ్లు గుమ్మరించి కడిగే నేల అది. నెలకే తుప్పు.

నియమావళిని మాత్రం ముట్టుకోకూడదు. సంచి, సొంత పుస్తకాలు, నీళ్ల సీసా బయటి కౌంటరులోనే ఉండాలి. చార్జరు సంచిలోనే ఉండిపోతుంది కాబట్టి పైన చెప్పిన ఎంసీబీ సమస్య సగం దానంతటదే తీరుతుంది. గది కావలసిన విద్యార్థులు విభాగాధిపతి సంతకంతో రెండు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు రోజుల తర్వాత ఏ సందేహం కలగబోతోందో ముందే తెలిసి ఉండడం పరిణతికి లక్షణం.

నిజానికి మన దగ్గర సహకార విద్య ఎప్పుడో ఉంది. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లు లైబ్రరీ మెట్ల మీదో చెట్ల కిందో ముగ్గురు నలుగురు చేరతారు, ఒకరు బిట్లు అడుగుతుంటే తక్కినవారు చెబుతుంటారు. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వైపు వెళ్లినవారికి ఇదేమీ కొత్త కాదు. వాళ్లకు కావలసిందల్లా ఒక కప్పు, నాలుగు బల్లలు, ఒక వైట్ బోర్డు, ఫ్యాను, రాత్రి పది దాకా లైటు. ఇంత చవగ్గా తేలిపోయే పనికి టెండరు ఎవరు పిలుస్తారు? పైగా వీళ్లు బీన్ బ్యాగుల మీద కూర్చోరు. ఎనిమిది గంటలు చదివేవాడికి వీపుకు ఆనుడు, మోచేతికి బల్ల కావాలి. బీన్ బ్యాగులో కూలబడితే నోట్సు రాయడం కుదరదు, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుంటే మెడ పడుతుంది. కొన్నాళ్లకు లోపలి థర్మోకోల్ గుళ్లు నలిగి అది చాపలా చదునవుతుంది, గుళ్లు మళ్లీ నింపడానికి పద్దు ఉండదు. అయినా కొనాలి. రంగులు బాగుంటాయి.

ఇక డిజిటల్ పరిశోధన. పాత పుస్తకాన్ని సగమే తెరిచి పైనుంచి ఫొటో తీసే స్కానరుంటే కుట్టు ఊడదు. ఫ్లాట్‌బెడ్ మీద బోర్లించి నొక్కితే ఊడుతుంది, అప్పుడు విడి కాగితాలు స్కాన్ చెయ్యడం ఇంకా సులువు. ఏ4 పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రంగుల్లో కుదించకుండా దాస్తే 26 ఎంబీ, 300 పేజీల పుస్తకం 7.8 జీబీ, వెయ్యి పుస్తకాలు ఎనిమిది టెరాబైట్లకు కాస్త తక్కువ. వేరే భవనంలో రెండో ప్రతి అంటే మళ్లీ అంత. ఈ బాదరబందీ లేకుండా 150 డీపీఐలో నలిపి పీడీఎఫ్ చేసెయ్యండి. ఒత్తులు అలుక్కుపోతాయి, బొమ్మలోని అక్షరాలు చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ వాటిని పోల్చుకోలేదు, అయినా పేజీల సంఖ్య తగ్గదు కదా, నివేదికకు అది చాలు. ఫైలుకు పేరు 'స్కాన్ 17 ఫైనల్ కొత్తది'.

తెలుగు సిద్ధాంత వ్యాసాల సంగతి మరీ ముచ్చట. చాలావాటిని డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో కొట్టిస్తారు. చూడ్డానికి చక్కటి తెలుగు. కాపీ చేసి మరోచోట పెడితే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి, ఎందుకంటే ఫైలులో ఉన్నది తెలుగు అక్షరం కాదు, వేరే కోడు మీద తొడిగిన తెలుగు బొమ్మ. అలాంటి వ్యాసం సిద్ధాంత వ్యాసాల ఆన్‌లైన్ భండారమైన శోధ్‌గంగలోకి ఎక్కాక లోపలి మాట ఒక్కటి కూడా వెతికితే దొరకదు. గ్రంథచౌర్యం పట్టే సాఫ్ట్‌వేర్‌కూ దొరకదు. యూనికోడుకు మారుదామన్న ఉద్యమం ఇంకా ఊపందుకోలేదేమని ఆశ్చర్యపోయేవారు ఈ వాక్యం మరోసారి చదవగలరు.

2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ముప్పై ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000 ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, ఇతర ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. హాస్టల్లోనో ఇంట్లోనో కూర్చుని చదవడానికి విద్యార్థులకు లాగిన్లు తయారు చెయ్యడం పెద్ద పనేం కాదు, పేర్లూ ఈమెయిళ్లూ ఉన్న ఒక జాబితా చాలు. తొందరపడకండి. అందరూ ఇంటి దగ్గరే చదివేస్తే ఇంత ఖర్చు పెట్టిన హాలు ఖాళీగా కనిపిస్తుంది.

మిగిలింది మనుషులు. డేటా శుభ్రం చెయ్యడం, పటాలు గీయించడం, మెటాడేటా (ఫైలు వివరాలు) రాయడం నేర్పగల లైబ్రేరియన్ ఒకరు లేకపోతే ఆ గదికి ఎవరూ రారు. కానీ పోస్టు నింపాలంటే ఆర్థిక శాఖ అనుమతి, రిజర్వేషన్ల రోస్టరు, ఆపైన కోర్టు కేసు. కుర్చీలకు రోస్టరు లేదు, కనుక కుర్చీలే కొనాలి. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్, స్కానరు, 75 అంగుళాల టచ్ తెర, యూపీఎస్ బ్యాటరీలు అన్నీ ఒక ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటరుకు అప్పగించండి, పాస్‌వర్డులన్నీ ఆయన సొంత ఫోనులోనే ఉండనివ్వండి. కాంట్రాక్టు పొడిగించకపోతే వెళుతూ వెళుతూ ఫోను కూడా తీసుకెళతారు. తర్వాత వచ్చినవారు కొత్త సర్వరుకు ఇండెంటు పెట్టుకోవచ్చు.