పీహెచ్‌పీ బాబాయ్‌కి, 8.5 చూశాక

వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాషవైన బాబాయ్, బాగున్నావా. మొన్న ఆదివారం ఖాళీగా ఉండి లాప్‌టాప్‌లో నీ వెర్షన్ 8.5 ఎక్కించి చూశాను, చూశాక ఊరుకోలేక రాస్తున్నా.

ముందు ఆ అర్రే ఫస్ట్ సంగతి. అర్రే అంటే విలువల జాబితా, అందులో మొదటిది ఏదిరా అంటే తీసిచ్చే ఫంక్షన్, అంతే. నువ్వు జనాల్లోకి వచ్చింది 1995లో, ఇది వచ్చింది 2025 నవంబర్‌లో. పోనీలే, తొందరేముంది. అసలు నవ్వొచ్చేదేంటంటే మొదటి కీ, అంటే ఆ మొదటి విలువ ఏ పేరు కింద ఉందో, చెప్పే ఫంక్షన్ మాత్రం 2018లోనే, 7.3లో ఇచ్చేశావు, అంటే తాళంచెవి చేతిలో పెట్టి బీరువా ఏడేళ్ల తర్వాత పంపావన్నమాట. మొదటిది కావాలంటే ఇన్నాళ్లూ రీసెట్ అని రాసుకుని బతికాం, ఆ పేరు చూసి కొత్తగా చేరిన పిల్లలు "అన్నా, ఇది డేటా చెరిపేస్తుందా" అని హడలిపోయేవాళ్లు.

ఒక ఫంక్షన్ ఇచ్చింది నేరుగా తర్వాతి ఫంక్షన్‌కి పంపే ఆ పైప్ మాత్రం నచ్చింది, దాచుకోను. మన ఇళ్లల్లో ఎవరైనా బియ్యం కడిగి నానబెట్టి రుబ్బి దోసె పోశా అంటారు, నీ దగ్గర మాత్రం దోసెపొయ్, రుబ్బు, నానబెట్టు, కడుగు, బియ్యం అని రాసి లోపల్నుంచి బయటికి చదువుకోవాల్సొచ్చేది, చివర్లో ఎన్ని బ్రాకెట్లు మూయాలో లెక్కెట్టుకోవడం వేరే. ఇప్పుడు వరసగా వెళ్లిపోతోంది, హాయిగా ఉంది. పక్కింటి జావాస్క్రిప్ట్ వాళ్లు దీని గురించి ఇంకా కమిటీలోనే మాట్లాడుకుంటున్నారు, కాబట్టి ఈ ఒక్కసారికి కాలరెగరేసుకో. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది, పైప్‌లోంచి వెళ్లేది ఒక్క ఆర్గ్యుమెంటే (ఫంక్షన్ చేతికిచ్చే సరుకు), అర్రేలో ప్రతిదాని మీదా ఒక ఫంక్షన్ నడిపే అర్రే మ్యాప్ కావాలంటే దానికి మళ్లీ యారో ఫంక్షన్ అనే బుల్లి ఫంక్షన్ చుట్టి, దాని చుట్టూ మళ్లీ బ్రాకెట్లు! అసలు మ్యాప్‌కి ఫంక్షన్ ముందు, కావాల్సినవి ఏరే ఫిల్టర్‌కి అర్రే ముందు ఎందుకు పెట్టావు బాబాయ్, పదకొండేళ్లుగా గూగుల్ చేస్తూనే ఉన్నా.

ప్రోగ్రాం ఆగిపోయే ఫేటల్ ఎర్రర్ వస్తే ఎటునుంచి వచ్చి ఎక్కడ పడిందో ఇప్పుడు బ్యాక్‌ట్రేస్ చూపిస్తున్నావు, దీనికి మాత్రం దణ్ణం. నో డిస్కార్డ్ అనే గుర్తు కూడా చూశాను, ఫంక్షన్ మీద దాన్ని తగిలిస్తే, ఆ ఫంక్షన్ ఇచ్చింది తీసుకోకుండా పోతే వార్నింగ్ ఇస్తుందట, అచ్చం గుమ్మం దాటుతుంటే "బొట్టు పెట్టించుకోకుండా వెళ్తావేంటే" అనే మా పెద్దమ్మలాగా.

ఇంకోటి, కోప్పడకు. 'తెలుగు' అన్న మాట పొడవెంత అంటే నీ స్ట్ర్‌లెన్ ఫంక్షన్ బైట్లు లెక్కెట్టి 18 అంటుంది, ఎంబీ స్ట్ర్‌లెన్ గుణింతం గుర్తుల్ని కూడా విడిగా లెక్కెట్టి 6 అంటుంది, మా అమ్మ అక్షరాలు లెక్కెట్టి 3 అంటుంది. అమ్మ లెక్క తెలిసిన గ్రాఫీమ్ ఫంక్షన్లు నీ దగ్గర లేకపోలేదు, కానీ వాటికి వేరే ఎక్స్‌టెన్షన్, అంటే విడిగా తగిలించే భాగం, ఉండాలి, అది మా సర్వర్‌లో లేదు.

సర్వర్ అంటే గుర్తొచ్చింది. ఇదంతా నా లాప్‌టాప్‌లో ముచ్చటే. క్లయింట్ సైటు నడిచేది నీ పాత వెర్షన్ 7.4 మీద, దానికి నువ్వు 2022 నవంబర్‌లోనే సెక్యూరిటీ సపోర్ట్ ఆపేశావు. మార్చండి అని అడిగితే హోస్టింగ్ ఆయన "నడుస్తోంది కదా సార్, ఎందుకు కదిలించడం" అన్నాడు.

ఇట్లు,
సోమవారం పొద్దున్నే మళ్లీ రీసెట్ అని టైప్ చేసిన
నీ అన్న కొడుకు